నమకం చెవితో నేర్చుకున్న క్రమం: సంత, వల్లె, గోష్ఠి

రుద్రాభిషేకంలో చదివే నమకంలో మొదటి వాక్యం "నమస్తే రుద్ర మన్యవ ఉతోత ఇషవే నమః". లెక్కపెడితే పదహారు అక్షరాలు. స్వరాల గుర్తులతో అచ్చేసిన పుస్తకం తెరిస్తే వీటిలో నాలుగింటి కింద అడ్డగీత, నాలుగింటి మీద నిలువు గీత కనిపిస్తాయి. మిగతా ఎనిమిదికి ఏ గీతా ఉండదు. తెలుగు చదవడం వచ్చిన ఎవరైనా పది సెకన్లలో చదివేయగలరు. గురువుగారి దగ్గర కూర్చుంటే ఈ ఒక్క వాక్యానికే నాకు మూడు పాఠాలు పట్టింది. ఆ మూడు పాఠాలూ దేనికి ఖర్చయ్యాయో, ఆ తర్వాతి నెలల్లో ఏ క్రమంలో నేర్చుకోవాల్సి వచ్చిందో ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కొత్తగా గురువు దగ్గర కూర్చోబోయేవారికి పనికొస్తుంది.

నమకం, చమకం రెండూ కృష్ణయజుర్వేదం తైత్తిరీయ సంహిత నాలుగో కాండలోవి. నమకం ఐదో ప్రశ్న, పదకొండు అనువాకాలు, అంటే చిన్న భాగాలు. చమకం ఏడో ప్రశ్నలోని మొదటి పదకొండు అనువాకాలు. ప్రశ్న అంటే అధ్యాయం లాంటిది, దాన్నే మనవాళ్లు పన్నం అంటారు. సంహితలో 44, బ్రాహ్మణంలో 28, ఆరణ్యకంలో 10, వెరసి 82 పన్నాలు. "ఎనభై రెండు పన్నాలూ వచ్చినాయన" అని పెద్దలు గౌరవంగా చెప్పుకునేది ఈ లెక్కతోనే. వేదపాఠశాలలో ఏళ్ల తరబడి చదివేవారి విద్యతో పోలిస్తే నమకచమకాలు చాలా చిన్న భాగం. వారానికి మూడు పాఠాలు, పాఠానికి ముప్పావు గంట చొప్పున రెండూ కలిపి పదకొండు నెలలు పట్టాయి.

మొదటి రెండు వారాలు నోరు తెరిచే పని లేదు. గురువుగారు మొదటి అనువాకం మొత్తం చెబుతారు, మనం వింటాం, అంతే. పెదవులు కూడా కదపకూడదు. ఇది చాదస్తంగా అనిపిస్తుంది కానీ దీనికి గట్టి కారణం ఉంది. పెదవి కదిలిందంటే మన ఊహ ముందుకు పరుగెత్తుతోందన్నమాట. అప్పుడు చెవికి చేరేది గురువుగారి గొంతు సగం, మన ఊహ సగం. పుస్తకం కూడా దగ్గర ఉండకూడదు, ఎందుకంటే కన్ను చెవికన్నా ముందు పరుగెత్తుతుంది. కంటికి కనిపించిన అక్షరాన్నే విన్నామని చెవి నమ్మేస్తుంది. ఉచ్చారణ నియమాలు చెప్పే పాణినీయ శిక్ష చెప్పిన అధమ పాఠకులు ఆరుగురిలో లిఖితపాఠకుడు, అంటే రాసినది చూసి చదివేవాడు, ఒకడు. పాట పాడినట్టు సాగదీసేవాడు, పరుగులు తీసేవాడు, తల ఊపేవాడు, అర్థం తెలియనివాడు, గొంతు పెగలనివాడు మిగతా ఐదుగురు. తర్వాతి నెలల్లో ఈ ఆరు దోషాలూ ఏదో ఒక రోజు పాఠంలో పైకి తేలుతూనే ఉంటాయి.

ఇక సంత. గురువు ఒకసారి అంటారు, శిష్యుడు రెండుసార్లు అంటాడు. ఎదురెదురుగా, గురువుగారి నోరు స్పష్టంగా కనిపించేంత దగ్గరలో కూర్చోవాలి. శ, ష, స తేడా సగం కంటితో పట్టుకోవాల్సిందే. నాలుక ఎక్కడ ఆనుతోందో, పెదవి ఎంత ముడుచుకుంటోందో చూస్తే చెవికి సాయంగా ఉంటుంది. వాక్యాన్ని మొదట మూడు ముక్కలుగా చెబుతారు: "నమస్తే రుద్ర", "మన్యవ ఉతోత", "ఇషవే నమః". తర్వాత రెండు ముక్కలు, ఆపైన వాక్యమంతా ఒకే గుక్కలో. ఎక్కడ ఆపినా సంధిని మాత్రం విడదీయరు. "మన్యవ" దగ్గర ఆగినా దాన్ని "మన్యవే" అనరు.

రెండుసార్లు ఎందుకో కొన్ని వారాల తర్వాత తెలుస్తుంది. మొదటిసారి అనేటప్పుడు గురువుగారి గొంతు ఇంకా చెవిలో మోగుతూ ఉంటుంది, దాని వెంట మన గొంతు నడిచిపోతుంది. రెండోసారికి ఆ మోత తగ్గిపోతుంది, మనకు నిజంగా ఎంత అందిందో అదే బయటికొస్తుంది. తప్పులు ఎక్కువగా ఈ రెండోసారే పడతాయి. అనుభవమున్న గురువు మొదటిసారి మనం అన్నదాన్ని పెద్దగా పట్టించుకోరు, రెండోసారికి చెవి రిక్కిస్తారు.

వినడమంటే ఏం వినాలి? దీనికి జవాబు తైత్తిరీయోపనిషత్తు శీక్షావల్లిలోనే ఉంది: వర్ణం, స్వరం, మాత్ర, బలం, సామ, సంతానం. ఏ అక్షరం, ఏ ఎత్తున, ఎంతసేపు, ఎంత ఒత్తుతో, ఎంత సమంగా, పక్కదానితో ఎలా కలిపి. ఈ ఆరింటినీ ఒకేసారి వినాలనుకుంటే ఒక్కటీ చెవికి అందదు. ఒకే వాక్యాన్ని గురువుగారు ఆరుసార్లు చెబుతుంటే, ఒక్కోసారి ఒక్కదాని మీదే చెవి పెట్టడం నాకు బాగా పనిచేసింది. ఒకసారి గొంతు ఎక్కడ దిగుతోందో మాత్రమే, ఇంకోసారి ఎక్కడ ఎంతసేపు నిలిచిందో మాత్రమే. ఇది అలవాటయ్యాక ఆరూ వాటంతటవే కలిసి వినిపిస్తాయి. మాత్ర గురించి పెద్దగా చెప్పాల్సింది లేదు. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు, ప్లుతానికి మూడు. తెలుగు పద్యం చదివిన చెవికి ఇది ఇట్టే పట్టుబడుతుంది. కష్టమంతా వర్ణం, స్వరం, సంతానం దగ్గరే.

వర్ణం విషయంలో తెలుగు నోటికి కొన్ని పుట్టు అలవాట్లున్నాయి. మనం రెండు అచ్చుల మధ్య తెలియకుండానే య గానీ వ గానీ చొప్పిస్తాం. "మన్యవ ఉతోత" కాస్తా "మన్యవ వుతోత" అవుతుంది. "యా త ఇషుః" అన్నది "యాత యిషుః" అవుతుంది. అన్నవాడికి ఇది వినిపించదు, ఎందుకంటే రోజూ ఇల్లును యిల్లు అంటున్న చెవి కదా. గురువుగారు దీన్ని సరిచేసే తీరు చాలా సులువైనది. "మన్యవ" తర్వాత గొంతును ఆపకుండా, పెదవులు ముందే గుండ్రంగా చుట్టకుండా, "ఉ" కోసం స్వరాన్ని మాత్రమే కిందికి దించమంటారు. ‘ఉ’ అనుదాత్తం, అంటే కింది స్వరం, కాబట్టి ఎత్తు మారడమే రెండు అచ్చులనూ విడదీసి చూపిస్తుంది, మధ్యలో వకారం అవసరమే రాదు. ఇలా స్వరం సరిగ్గా పట్టుబడగానే వర్ణదోషం దానంతటదే పోయే చోట్లు చాలా ఉన్నాయి.

రెండో అలవాటు పొల్లు చివర ఉకారం తగిలించడం. తకారం పొల్లుతో ముగిసే మాటను "త్తు" అనేస్తాం. మూడోది విసర్గ. "నమః" అన్నప్పుడు చివర వచ్చేది వెనకటి అచ్చు నీడలాంటి చిన్న ఊపిరి. దాన్ని "నమహా" అని నిండు అక్షరం చేస్తే వాక్యానికి పదిహేడో అక్షరం వచ్చి చేరుతుంది. "ఇషుః", "ధనుః" దగ్గర ఆ నీడ ఉకారపు రంగులో ఉండాలి. ఇక ఒత్తులు. ధనుః లో ధ, బభూవ లో భ నిత్యం మాటల్లో తేలిపోతాయి కాబట్టి ఇక్కడ కావాలని ఒత్తితే మరీ గట్టిగా పడతాయి. దానికి శిక్షలో ఒక పోలిక ఉంది: పులి తన పిల్లలను కోరలతో పట్టుకుని తీసుకెళ్లేటప్పుడు జారనివ్వదు, గాటు పడనివ్వదు, అక్షరాన్ని అలా పట్టుకోవాలి అని. ఒత్తక్షరం పలికేటప్పుడు అరచేతిని నోటికి బెత్తెడు దూరంలో పెట్టుకుంటే ఊపిరి తగలడం తెలుస్తుంది. గట్టిగా కొడితే ఎక్కువైందని అర్థం, అసలు తగలకపోతే ఒత్తు పోయిందని.

తైత్తిరీయంలో శ, ష, స, హ, ర ల ముందు అనుస్వారం మారిపోతుంది. పదకొండో అనువాకంలో "తేషాగ్ం సహస్రయోజనే" అని వినిపించేది అదే. పుస్తకంలో ఉన్న గుర్తు చూసి దీన్ని పలకడం అసాధ్యం. ముక్కు, గొంతు రెండూ కలిసి పనిచేసే ధ్వని అది. పైగా పలికే తీరులో సంప్రదాయాన్ని బట్టి కొద్దిపాటి భేదం ఉంది. ఎవరి దగ్గర మొదలుపెట్టామో వారి తీరే చివరిదాకా పట్టుకోవాలి. ఇద్దరి దగ్గర విని కలిపేస్తే ఏదీ కాని మూడోది తయారవుతుంది.

స్వరం దగ్గరికొద్దాం. గీతలేని అక్షరం మామూలు ఎత్తున, అడ్డగీత ఉన్నది కిందికి, నిలువు గీత ఉన్నది, అంటే స్వరితం, కొద్దిగా పైకి, రెండు నిలువు గీతలున్న దీర్ఘస్వరితం పైకి వెళ్లి కాస్త నిలిచి. చెప్పుకోవడానికి ఇంతే. ఆచరణలో అందరూ చేసే తప్పు ఒకటుంది. "నమస్తే" లో ‘మ’ పైకి వెళ్లాక "స్తే రుద్ర" అన్న మూడు అక్షరాలూ మళ్లీ మామూలు ఎత్తుకు దిగిరావాలి. కొత్తవారు దిగరు. ‘మ’ ఎక్కిన మెట్టు మీదే నిలబడి అక్కణ్ణించి మిగతాది అంటారు. తర్వాతి స్వరితం దానికన్నా పైన పడుతుంది. అలా నాలుగైదు వాక్యాలకు శ్రుతి ఎక్కువై, అనువాకం చివరికొచ్చేసరికి గొంతు బిగుసుకుపోతుంది. గొంతు నొప్పి పుడుతోందంటే లోపం గొంతులో ఉన్నట్టు కాదు, స్వరితం నుంచి దిగడం రాలేదని అర్థం. దీనికి గురువుగారి మందు: మొదటి అక్షరం ‘న’ ఎత్తును మనసులో ఉంచుకుని, వాక్యం పూర్తికాగానే ఆ ‘న’ ను ఒక్కటే మళ్లీ అనడం. రెండూ ఒకే ఎత్తున పడ్డాయా లేదా అన్నది వెంటనే తెలిసిపోతుంది. మొదట్లో చేతి సాయం కూడా తీసుకుంటారు. గురువుగారి చేయి కిందికి దిగితే గొంతు దిగుతుంది, పైకి లేస్తే లేస్తుంది. రెండు మూడు నెలలకు చేయి ఆపేస్తారు. అప్పటికీ చేయి లేనిదే స్వరం రాకపోతే, చెవితో విన్నది చాల్లేదని అర్థం చేసుకుని మళ్లీ వెనక్కి తీసుకెళ్తారు.

స్వరం మారితే ఏమవుతుందో చెప్పే కథ ఇదే సంహిత రెండో కాండలో ఉంది. ఇంద్రుణ్ణి చంపే కొడుకు కావాలని త్వష్ట హోమం చేస్తూ "ఇంద్రశత్రుర్వర్ధస్వ" అన్నాడు. చివరి అక్షరం మీద ఉదాత్తం, అంటే మాటలోని ముఖ్య స్వరం, పడితే ఇంద్రుణ్ణి చంపేవాడు, మొదటి అక్షరం మీద పడితే ఇంద్రుడి చేతిలో చచ్చేవాడు. త్వష్ట నోట ఉదాత్తం మొదటి అక్షరం మీద పడింది. అక్షరం ఒక్కటి కూడా మారలేదు. రాసి చూసుకుంటే రెండూ ఒకటే.

నేను అన్నిటికన్నా ఎక్కువ నేర్చుకున్నది సంతానం దగ్గర, అంటే మాటకూ మాటకూ మధ్య అతుకు దగ్గర. పుస్తకంతో నేర్చుకున్నవారు ఇక్కడే ఎక్కువగా తప్పుతారు. రెండో వాక్యం "నమస్తే అస్తు ధన్వనే". వ్యాకరణం కాస్త వచ్చినవారు దీన్ని "నమస్తేఽస్తు" అని దిద్దేస్తారు. కానీ ఇక్కడ అకారం నిలవాలి. పాదానికి ఎనిమిది అక్షరాల లెక్క అప్పుడే సరిపోతుంది. అదే చమకంలోకి వస్తే "ప్రియం చ మేఽనుకామశ్చ మే". ఇక్కడ అకారం పోవాలి. ఏది ఎక్కడ అన్నది సూత్రం పెట్టి తేల్చుకుంటూ పారాయణ చేయలేం. గురువు నోట విన్నది విన్నట్టు అనడం ఒక్కటే దారి.

అతుకులకు ఇంకో పెద్ద ఉపయోగం ఉంది, అది ధారణకు సంబంధించింది. నమకంలో ఒకేలాంటి మాటలు పలుచోట్ల వస్తాయి, నోరు ఒక దారిలో మొదలై ఇంకో దారిలోకి జారిపోతుంది. మొదటి అనువాకంలో "యా తే రుద్ర శివా తనూరఘోరాఽపాపకాశినీ" అని వస్తుంది. పదో అనువాకంలో "యా తే రుద్ర శివా తనూశ్శివా విశ్వాహభేషజీ". మొదటి నాలుగు మాటలూ అవే, "తనూ" దాకా ఒకటే దారి. తేడా అంతా దాని తోకలో ఉంది. ఒకచోట రేఫ, ఇంకోచోట శకారం. అతుకు చెవిలో గట్టిగా నాటుకుంటే దారి తప్పడం జరగదు, ఎందుకంటే "తనూర్" అనగానే తర్వాత వచ్చేది "అఘోరా" ఒక్కటే. "తనూః" అని విసర్గతో ఆగి ఊపిరి తీసుకున్నామా, ఆ గుర్తు పోయినట్టే. తర్వాత ఏది నోటికొస్తే అదే. అందుకే ఊపిరి ఎక్కడ తీసుకోవాలో కూడా పాఠంలో భాగంగానే చెబుతారు, దాన్ని మన ఇష్టానికి వదలరు.

ఇలాంటివే మరికొన్ని. ఐదో అనువాకం "నమో భవాయ చ రుద్రాయ చ" తర్వాత "నమః శర్వాయ చ" రావాలి. ఎనిమిదో అనువాకం "నమః సోమాయ చ రుద్రాయ చ" తర్వాత "నమస్తామ్రాయ చ". "రుద్రాయ చ" దగ్గర ఆగి ఆలోచిస్తే సగంసార్లు తప్పుదారే పడతాం. మొదటి అనువాకంలోనే "బభూవ తే ధనుః" రెండుసార్లు ఉంది. "శివం బభూవ తే ధనుః" తర్వాత "శివా శరవ్యా", "హస్తే బభూవ తే ధనుః" తర్వాత "తయాఽస్మాన్". ఇక్కడ ధనుః దగ్గర ఆగక తప్పదు, కాబట్టి తోక గుర్తు దొరకదు. ముందున్న "శివం", "హస్తే" లను పట్టుకోవాలి. శివం అన్నాక శివా. ఇలాంటి జారుడు చోట్లన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే మంచిది. నమకంలో నా లెక్కకు పద్నాలుగు తేలాయి. పారాయణకు ముందు ఆ పద్నాలుగు అతుకులను మాత్రమే ఒక్కోటి మూడేసిసార్లు అనుకుంటే సరిపోతుంది.

పెద్దలు ఈ అతుకులను ఎంత జాగ్రత్తగా చూశారో క్రమపాఠం వింటే తెలుస్తుంది. "నమస్తే, తే రుద్ర, రుద్ర మన్యవే, మన్యవ ఉతో" అని రెండేసి మాటలు తీసుకుని, రెండోదాన్ని తర్వాతి జతకు మొదటిదిగా చేస్తూ పోవడమే క్రమం. అంటే ప్రతి అతుకునూ విడిగా బయటికి తీసి సానపట్టడం. ఘన అనే ఇంకో పాఠంలో మూడేసి మాటలను ముందుకూ వెనక్కూ తిప్పి పదమూడుగా చెబుతారు. అలా మొత్తం చెప్పగలిగినవారే ఘనాపాఠి. సంహితలో దాదాపు యాభై మాటలకు ఒక పనస చొప్పున లెక్క కట్టి, అనువాకం చివర ఆ లెక్కను కూడా చదువుతారు. సంహిత మొట్టమొదటి అనువాకం చివర "ఇషే త్రిచత్వారిగ్ంశత్" అని వినిపిస్తుంది. ఇషే తో మొదలైనది నలభై మూడు మాటలు అని. ఒక్క మాట జారినా లెక్క పట్టిస్తుంది. 2003లో యునెస్కో వేదపఠన సంప్రదాయాన్ని మానవాళి మౌఖిక వారసత్వంగా గుర్తించిందంటే, దాని వెనక ఈ కాపలా అంతా ఉంది. నాలాంటి సాధారణ విద్యార్థికి క్రమం మొత్తం అక్కర్లేదు. తప్పు పడుతున్న ఒక్క అతుకుకు మాత్రం అటూ ఇటూ రెండేసి మాటలతో క్రమం చెప్పించుకుంటే చాలు, నెల రోజుల మొండితప్పు రెండు రోజుల్లో పోతుంది.

ఇప్పుడు అసలు విషయం. వినికిడి చదువు అనగానే శిష్యుడు వినడమే అనుకుంటాం. సగం పని గురువుది. ఆయన మనల్ని వినాలి. మంచి గురువు తప్పు పడగానే వేలు ఎత్తుతారు, సరైనది వెంటనే అందించరు. కాసేపు ఊరుకుంటారు. ఆ కాసేపట్లో మనం అన్నదాన్ని మనమే చెవిలో మళ్లీ విని తప్పెక్కడో పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే అప్పుడు చెబుతారు. చెప్పాక తప్పు పడిన చోటి నుంచి కొనసాగనివ్వరు, ముక్క మొదటికి వెళ్లాల్సిందే. తప్పు పడిన చోటే దిద్దుకుని ముందుకు సాగితే, నోరు ఆ ఆగడాన్నీ ఆ దిద్దుబాటునూ కలిపి కంఠస్థం చేస్తుంది. ఆ తర్వాత అక్కడికి వచ్చిన ప్రతిసారీ తడబాటు ఖాయం. ఇంట్లో వల్లె వేసేటప్పుడు కూడా ఇదే నియమం పాటించాలి, ఎంత విసుగైనా.

వల్లెకు నేను పాటించిన కొలత ఇది. గురువుగారు "సరే" అన్న వాక్యాలే ఇంట్లో అనాలి. పాఠంలో ఇంకా తప్పు పోని వాక్యాన్ని ఇంట్లో యాభైసార్లు అంటే ఆ తప్పే యాభైసార్లు ముద్రపడుతుంది. దాన్ని చెరపడం కొత్త అనువాకం నేర్చుకోవడం కన్నా కష్టం. రోజుకు కొత్తవి నాలుగు వాక్యాలు మించకూడదు. ఉదయం పదిసార్లు, అందులో మొదటి ఐదూ నిదానంగా. సాయంత్రం ఐదుసార్లు. మర్నాడు లేవగానే పుస్తకం, ఫోన్ ఏవీ ముట్టకుండా ఒకసారి. ఆ ఒక్కసారిలో తేలిన గండ్లే ఆ రోజు పాఠంలో అడగాల్సినవి. పాతవాటిని రోజుకు రెండు అనువాకాల చొప్పున తిప్పుకోవాలి. పాతది వదిలేసి కొత్తదాని వెంట పడితే ఆరో అనువాకానికి వచ్చేసరికి రెండోది సగం పోయి ఉంటుంది.

పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్యలు అనధ్యయనం. కొత్త పాఠం ఉండదు. సుందరకాండలో హనుమంతుడు సీతమ్మ చిక్కిపోయిన తీరు చెబుతూ, పాడ్యమినాడు చదివేవాడి విద్యలా సన్నబడిందంటాడు. నియమంగా పాటించినా, ఆచరణలో దీని మేలు కూడా కనిపిస్తుంది. పక్షానికి మూడు నాలుగు రోజులు కొత్తది ఆగిపోతే అప్పటిదాకా విన్నది కుదురుకుంటుంది.

ఫోన్‌లో రికార్డు చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. గురువుగారి అనుమతితో, ఆయన గొంతునే, సంత పూర్తయిన భాగం వరకే చేసుకోవచ్చు. వల్లె మొదలుపెట్టే ముందు ఒకసారి వినడానికి అది పనికొస్తుంది. దానితో కలిసి అనడం మాత్రం వద్దు. పక్కన సరైన గొంతు నడుస్తుంటే మన తప్పు మనకు వినిపించదు. దానికన్నా మన గొంతును రికార్డు చేసుకుని మర్నాడు వినడం మేలు. అప్పటికప్పుడు వింటే చెవి మనల్ని క్షమించేస్తుంది. ఒక రోజు ఆగి వింటే ఎక్కిన శ్రుతి, తేలిపోయిన ఒత్తులు పరాయివాడివి విన్నట్టు వినిపిస్తాయి. ఆన్‌లైన్ పాఠమైతే అందరూ కలిసి అనడం కుదరదు, గొంతులు ఒకదాని వెనక ఒకటి చేరతాయి. ఒకరు అంటే ఒకరు వినే సంతకు మాత్రం ఇబ్బంది లేదు. చుట్టుపక్కల చప్పుడును తగ్గించే సెట్టింగ్‌ను రెండువైపులా ఆపేయాలి. అది విసర్గను, వాక్యం చివరి పొల్లును చప్పుడే అనుకుని మింగేస్తుంది. గురువుగారికి "నమ" అని మాత్రమే వినిపిస్తే ఆయన దేన్ని దిద్దుతారు?

అర్థం ఎప్పుడు తెలుసుకోవాలి అన్నదానిలో నా అభిప్రాయం స్పష్టం. తప్పకుండా తెలుసుకోవాలి, కానీ ఆ అనువాకం స్వరంతో సహా నోట నిలిచాక. "యా త ఇషుః" లో ఉన్నది "యా తే ఇషుః" అని ముందే తెలిస్తే నోరు "తే" అనడానికే తొందరపడుతుంది, పైగా తర్వాతి మంత్రం "యా తే రుద్ర" అనే మొదలవుతుంది. ధ్వని కుదురుకున్నాక అర్థం వింటే ఆ చిక్కు రాదు. పైపెచ్చు అర్థం తెలిశాక ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఆగకూడదో మనసు కూడా ఒప్పుకుంటుంది.

గురువును ఎలా ఎంచుకోవాలన్నదానికి నాకు తెలిసినంతలో కొన్ని ఆనవాళ్లు. తాను ఎవరి దగ్గర చదువుకున్నదీ అడగకముందే చెబుతారు. మొదటి రోజే మనల్ని ఆపుతారు. అంతా బాగుందని పంపేవారి దగ్గర సమయం గడుస్తుంది గానీ విద్య రాదు. సందేహం వచ్చినచోట "చూసి చెబుతాను" అని, మర్చిపోకుండా చెబుతారు. ఇంకొకరి పాఠం జరుగుతుంటే పక్కన కూర్చోనిస్తారు. ఈ చివరిది చాలా ముఖ్యం. చదువులో పావువంతు గురువు నుంచి, పావువంతు సొంత బుద్ధితో, పావువంతు తోటి విద్యార్థుల వల్ల, మిగిలిన పావు కాలక్రమంలో వస్తుందని పాత శ్లోకం. తోటివాడి తప్పును గురువుగారు దిద్దుతుంటే మన భయం, మన కంగారు లేకుండా వింటాం. అందుకే అది లోపలికి దిగుతుంది.

నమకచమకాలు రెండూ పూర్తయ్యాక గోష్ఠిలో, అంటే అందరూ కలిసి చేసే పారాయణలో, కూర్చోనిస్తారు. అక్కడ నియమం ఒక్కటే. పెద్దల గొంతు మనకు వినిపించేంత తక్కువగా మన గొంతు ఉండాలి. మన గొంతు మాత్రమే వినిపిస్తోందంటే ఆగి, శ్రుతి అందుకుని మళ్లీ కలవాలి. చమకం పదకొండో అనువాకంలో సంఖ్యలు వస్తాయి. ఏకా చ మే, తిస్రశ్చ మే అని బేసి సంఖ్యలు ముప్పై మూడు దాకా, ఆపైన నాలుగు, ఎనిమిది, పన్నెండు అంటూ నలభై ఎనిమిది దాకా. లెక్క తెలుసు కదా అని కొత్తవారు అక్కడ వేగం పెంచుతారు, గోష్ఠి మొత్తం చెదిరేది అక్కడే.

ఆ తర్వాత కూడా గురువుగారు ఇంకో పది పాఠాలు రమ్మంటారు. ఈసారి మనకు పాఠం లేదు. కొత్తగా చేరినవారు మొదటి అనువాకం సంత చెప్పుకుంటుంటే పక్కన మౌనంగా కూర్చోవాలి. రెండో రోజుకే "మన్యవ" తర్వాత చొరబడిన వకారం వినిపిస్తుంది. ఐదో రోజుకు, స్వరితం మీది నుంచి గొంతు దిగకపోవడం, మూడో వాక్యానికి అది ఎంత ఎత్తుకు పోయిందో తెలుస్తుంది. గురువుగారు వేలు ఎత్తక ముందే ఎక్కడ ఎత్తుతారో తెలిసిపోయే రోజు వస్తుంది, ఆ రోజున ఆయన మనవైపు తిరిగి "ఎక్కడ పోయింది?" అని అడుగుతారు.